మెకంజీ: ఒక స్కాటిష్ ఇంటిపేరు పుట్టుక, వలస

తెలుగువాళ్లకి మెకంజీ అనగానే కైఫీయతులు గుర్తొస్తాయి. ఊరు ఎలా పుట్టింది, గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, జమీందారు వంశం ఎక్కణ్ణించి వచ్చింది, ఇవన్నీ ఊరూరా రాయించి పోగు చేయించిన కల్నల్ కాలిన్ మెకంజీ 1754 ప్రాంతంలో స్టోర్నోవే అనే చిన్న రేవు ఊళ్లో పుట్టాడు. స్కాట్లాండ్‌కి వాయవ్యాన సముద్రంలో ఉన్న లూయిస్ దీవికి అదే పెద్ద ఊరు. ఆయన తర్వాత పదేళ్లకి అదే స్టోర్నోవేలో అలెగ్జాండర్ మెకంజీ అనే ఇంకొకాయన పుట్టాడు. కెనడాలోకెల్లా పొడవైన నదికి ఇవాళ ఉన్నది ఆయన పేరే. కెనడా రెండో ప్రధాని పేరు కూడా అలెగ్జాండర్ మెకంజీయే, కానీ ఆయన వేరు. టొరంటో మొదటి మేయరూ మెకంజీ. న్యూజిలాండ్‌లో ఒక ప్రాంతం మొత్తానికి ఒక గొర్రెల దొంగ పేరు పెట్టారు, అతనూ మెకంజీయే.

ఇంటిపేరు ఒకటే కాబట్టి వీళ్లంతా దాయాదులే అనిపిస్తుంది. ఆ పేరున్న చాలామందికి కూడా అదే నమ్మకం. దుప్పి తల గుర్తు, ఆకుపచ్చా నీలం గళ్ల టార్టన్ గుడ్డా కొని హాల్లో తగిలించుకుంటారు. కానీ రక్తసంబంధం వెతుక్కుంటూ పోతే ఈ పేరు చరిత్ర ముందుకి సాగదు. ఎవరి భూమి మీద బతికారు, ఎవరికి శిస్తు కట్టారు, ఎవరి సిఫారసుతో ఉద్యోగం దొరికింది, చివరికి ఎవరు ఖాళీ చేయించారు అని అడిగితేనే చిక్కుముడి విడుతుంది.

కెన్నెత్ కొడుకు

స్కాట్లాండ్ కొండసీమ, దీవుల జనం పాత భాష గేలిక్. అందులో 'మాక్' అంటే కొడుకు. 'కొన్యఖ్' అంటే అందగాడు. ఆ పేరునే ఇంగ్లీషులో కెన్నెత్ చేశారు. మాక్ కొన్యిఖ్ అంటే కెన్నెత్ కొడుకు. మొదట్లో అంతే, అది ఇంటిపేరు కాదు. కెన్నెత్ కొడుకు డంకన్ అయితే, డంకన్ కొడుకుని 'డంకన్ కొడుకు' అంటారు తప్ప కెన్నెత్ పేరు తగిలించరు. మన ఇంటిపేరు ఊరి నుంచో వృత్తి నుంచో వచ్చి తరతరాలు కదలకుండా ఉంటే, హైలాండ్స్ (ఉత్తర స్కాట్లాండ్ కొండసీమ) పేరు తరానికోసారి మారేది. ముందుగా దాన్ని స్థిరం చేసుకున్నది నాయకుల కుటుంబాలు. భూమి పట్టాలు, వారసత్వ దావాలు ఉన్నవాళ్లకే స్థిరమైన పేరుతో పని. మామూలు రైతు వరకు అది రావడానికి చాలాకాలం పట్టింది.

ఆడపిల్లల సంగతి వేరు. గేలిక్‌లో మెకంజీల అమ్మాయి 'మాక్' కాదు, 'నిక్ కొన్యిఖ్', అంటే కెన్నెత్ వంశపు కూతురు. ఇంగ్లీషు రికార్డుల్లోకి వచ్చేసరికి ఈ తేడా పోయి, అక్కా తమ్ముడూ ఇద్దరూ మెకంజీలే అయ్యారు.

ఇంతకీ 'కొన్యిఖ్'లో లేని 'జ' శబ్దం మెకంజీలోకి ఎక్కణ్ణించి వచ్చింది? పాత స్కాట్స్ రాతలో 'యోఖ్' అనే అక్షరం ఒకటుండేది. చూడ్డానికి మూడు అంకెలా ఉంటుంది, పలకడం 'య'కి దగ్గర. అచ్చు యంత్రాలు వచ్చాక ఆ అక్షరానికి అచ్చు దిమ్మలు లేక, చూపుకి దగ్గరగా ఉన్న ఇంగ్లీషు చివరి అక్షరం జెడ్‌ని వాడేశారు. కొన్ని తరాలు గడిచేసరికి జనం దాన్ని ఉన్నది ఉన్నట్టు 'జ' అని చదవడం మొదలుపెట్టారు. అంటే 'మెకెన్యీ'కి దగ్గరగా పలకాల్సిన పేరు అచ్చుకూటాల వల్ల మెకంజీ అయింది. 17వ శతాబ్దంలో మతపరమైన తిరుగుబాటుదారులని కఠినంగా శిక్షించిన లార్డ్ అడ్వొకేట్ (ప్రభుత్వ ప్రధాన న్యాయవాది) సర్ జార్జ్ మెకంజీని ఎడిన్‌బరో పిల్లలు 'బ్లూడీ మెకింగీ' అని గేలి చేసేవారు. గ్రేఫ్రయర్స్ శ్మశానంలో ఆయన సమాధి తలుపు దగ్గరికి వెళ్లి, దమ్ముంటే బయటికి రా అని అరిచి పారిపోవడం వాళ్లకో ఆట. ఆ కేకలో పాత ఉచ్చారణ అలాగే మిగిలిపోయింది. ఇదే అక్షరం బారిన పడిన మెన్జీస్ అనే పేరుని స్కాట్లాండ్‌లో ఇప్పటికీ 'మింగిస్' అనేవాళ్లున్నారు. ఆస్ట్రేలియా ప్రధాని రాబర్ట్ మెన్జీస్‌కి 'మింగ్' అని ముద్దుపేరు రావడం అందుకే.

స్పెల్లింగులో 'మాక్' ఉంటే స్కాటిష్, 'మెక్' ఉంటే ఐరిష్ అని ఒక మాట బాగా ప్రచారంలో ఉంది. అది తప్పు. 'మెక్' పొట్టి రాత, అంతే. ఒకే మనిషి పెళ్లి రికార్డులో ఒకలా, పిల్లల బాప్తిజం రికార్డులో ఇంకోలా కనబడతాడు, ఎందుకంటే రాసింది పాస్టర్ గారు. అక్షరం రాని రైతుని స్పెల్లింగ్ అడిగేదెవరు?

దుప్పి నుంచి రాజుని కాపాడిన ఐరిష్ వీరుడు

మెకంజీలకి ఘనమైన మూలపురుష కథ ఒకటుంది. కాలిన్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే ఐరిష్ ప్రభువంశీయుడు 1263లో లార్గ్స్ యుద్ధంలో నార్వే సేనల మీద స్కాట్లాండ్ రాజు మూడో అలెగ్జాండర్ పక్షాన పోరాడాడట, బహుమానంగా కింటేల్ ప్రాంతాన్ని పొందాడట. వేటలో దుప్పి రాజు మీదకి దూకబోతే అడ్డుపడి చంపాడట, అందుకే దుప్పి తల గుర్తు. 18వ శతాబ్దం చివర్లో వంశ నాయకుడు ఫ్రాన్సిస్ హంబర్‌స్టన్ మెకంజీ ఈ ఘట్టాన్ని బెంజమిన్ వెస్ట్ అనే పేరున్న చిత్రకారుడితో గోడంత బొమ్మ వేయించుకున్నాడు. 1786 నాటి ఆ చిత్రం ఇప్పుడు ఎడిన్‌బరో నేషనల్ గ్యాలరీలో ఉంది.

బొమ్మ బ్రహ్మాండంగా ఉంటుంది కానీ కథని చరిత్రకారులు ఒప్పుకోరు. ఐరిష్ మూలపురుషుడి కథ వంశావళుల్లో బలంగా పాతుకుపోయింది 17వ శతాబ్దంలో, అంటే మెకంజీలు పెద్ద భూస్వాములై, ఎర్ల్ బిరుదులు సంపాదించి, లండన్ దర్బారులో నలుగురి పక్కన కూర్చోవాల్సి వచ్చిన కాలంలో. 1467 ప్రతి అని పిలిచే పాత గేలిక్ వంశావళి పత్రంలో ఫిట్జ్‌జెరాల్డ్ ఊసే లేదు. అందులో మెకంజీలకీ మాథెసన్లకీ ఒకే మూలపురుషుడు, గిల్లియన్ అనే స్థానిక గేలిక్ మనిషి. మాథెసన్ల పేరు కాస్త గుర్తుపెట్టుకోండి, పనుంది.

మన సంస్థానాల వంశావళులు సూర్యుడి నుంచో చంద్రుడి నుంచో మొదలవుతాయి. కాలిన్ మెకంజీ మనుషులు జమీందార్ల ఇళ్లలో అలాంటివి ఎన్నో రాసుకున్నారు. వాటిని పోగేయించిన దొర సొంత వంశనాయకుడు అదే కాలంలో ఇంకో రకం వంశావళిని నూనెరంగుల్లో వేయించుకున్నాడు. తెల్లదొరలకి చరిత్ర, మనకి పుక్కిటి పురాణం అని ఎవరైనా వాదిస్తే ఈ బొమ్మ చూపిస్తే చాలు.

శిస్తు కట్టేవాళ్లూ మెకంజీలే

క్లాన్ అంటే ఒకే తాత సంతానం అని అర్థం చెబుతారు. గేలిక్‌లో 'క్లాన్' మాటకి పిల్లలు, సంతానం అనే అర్థం. వాస్తవంలో క్లాన్ అంటే ఒక నాయకుడి భూమి మీద, అతని రక్షణలో, అతను పిలిస్తే కత్తి పట్టుకుని రావాల్సిన జనం. వాళ్లలో అతని చుట్టాలూ ఉంటారు, ఏ చుట్టరికమూ లేనివాళ్లూ ఉంటారు. నాయకుడి పేరు పెట్టుకుంటే పంచాయితీల్లో మాటకి బలం, పక్క క్లాన్ వాడు పశువులు తోలుకుపోతే అడిగే దిక్కు. చుట్టుపక్కల ఫ్రేజర్లలోనైతే, పేరు మార్చుకున్నవాడికి ఒక కొలత పిండి ఇచ్చేవారని, వాళ్లని పిండి ఫ్రేజర్లు అనేవారని చెప్పుకుంటారు.

నమ్మకస్తులంతా పేరు మార్చుకున్నారనీ కాదు. మెకంజీల కోట ఐలన్ డోనన్‌కి తరతరాలుగా కాపలా ఉన్నది మక్రేలు. వాళ్లని 'మెకంజీల ఇనుప చొక్కా' అనేవారు. యుద్ధంలో ముందు నిలబడి చచ్చింది వాళ్లే అయినా పేరు మక్రేగానే మిగిలింది. 1719లో గద్దె పోయిన స్టూవర్ట్ రాజవంశం కోసం లేచిన జాకొబైట్ తిరుగుబాటు అణచడానికి వచ్చిన బ్రిటిష్ యుద్ధనౌకలు పేల్చేసిన ఆ కోటని రెండు వందల ఏళ్ల తర్వాత మళ్లీ కట్టించింది కూడా ఒక మక్రేయే.

ఇక నాయకులు పేరు విషయంలో ఎంత నిష్ఠగా ఉన్నారంటే, ఆస్తి వస్తుందంటే చటుక్కున మార్చుకునేవారు. ఫ్రాన్సిస్ పేరులోని హంబర్‌స్టన్ తల్లి తరఫు ఇంగ్లీషు ఎస్టేటుతో పాటు వచ్చింది. ఆయన కొడుకులంతా ఆయనకంటే ముందే పోవడంతో 1815లో ఆస్తి పెద్ద కూతురు మేరీకి దక్కింది. ఆమె మొదటి భర్త అడ్మిరల్ సర్ శామ్యూల్ హుడ్ 1814 డిసెంబరులో మద్రాసులో చనిపోయాడు. రెండో భర్త స్టీవర్ట్ పెళ్లి తర్వాత స్టీవర్ట్-మెకంజీ అయ్యాడు. అంటే పేరు పెళ్లాం నుంచి మొగుడికి వెళ్లింది, భూమితో పాటు. మెకంజీ అనే ప్రతి మగవాడికీ ఒకే మూలపురుషుడి రక్తం ఉందనే వాదన నాయకుల ఇంట్లోనే నిలబడదు.

లూయిస్ దీవి చేతులు మారిన వైనం

మెకంజీల అసలు సీమ స్కాట్లాండ్ ప్రధాన భూభాగంలో ఉంది: పడమటి తీరాన కింటేల్, తూర్పున రాస్‌షైర్ మైదానాలు. 1493లో ద్వీపాల ప్రభువులైన మెక్‌డోనాల్డుల రాజ్యాన్ని స్కాట్లాండ్ రాజు రద్దు చేశాక వచ్చిన ఖాళీలో మెకంజీలు పైకొచ్చారు. కత్తి ఎంత తిప్పారో, పట్టాలూ అప్పుపత్రాలూ అంతకంటే ఎక్కువ తిప్పారు. పక్కవాడి అప్పు కొనేయడం, వారసురాలిని పెళ్లాడటం, రాజుగారి తరఫున కమిషన్ పట్టుకుని వెళ్లి స్వాధీనం చేసుకోవడం వాళ్ల పద్ధతి.

లూయిస్ దీవి మెక్లాయిడ్లది. ఆరో జేమ్స్ రాజు 1598లో దాన్ని ఫైఫ్ ప్రాంతపు భూస్వాములకి రాసిచ్చి, వెళ్లి నాగరికత నేర్పండి అన్నాడు. మెక్లాయిడ్లు వాళ్లని బతకనివ్వలేదు. పదేళ్లు నష్టపోయి విసిగిన ఆ భూస్వాముల దగ్గర 1610లో ఆ హక్కుల్ని కింటేల్ మెకంజీ కొనేశాడు. చివరిదాకా ఎదిరించిన నీల్ మెక్లాయిడ్ బెరసే అనే నిట్టనిలువు రాతి దిబ్బ ఎక్కి కూర్చున్నాడు. అతన్ని దింపడానికి మెకంజీలు అతని అనుచరుల భార్యాపిల్లల్ని పట్టుకొచ్చి, ఆటుపోట్ల నీళ్లలో మునిగే ఒక బండ మీద, అతనికి కనబడేలా నిలబెట్టారని ద్వీపంలో చెప్పుకుంటారు. నీళ్లు ఎక్కుతున్నాయి, పిల్లలు ఏడుస్తున్నారు. నీల్ దిగి వచ్చేశాడు. 1613లో ఎడిన్‌బరోలో అతన్ని ఉరితీశారు.

అంతటితో ఆగలేదు. మెక్లాయిడ్ వారసురాలిని పెళ్లాడిన మెకంజీ శాఖ తర్వాత ఎర్ల్ ఆఫ్ క్రోమార్టీ అయి, పెద్దకొడుక్కి 'లార్డ్ మెక్లాయిడ్' అనే బిరుదు పెట్టుకుంది. అందుకే చరిత్ర పుస్తకాల్లో లార్డ్ మెక్లాయిడ్ కనబడితే అతను మెకంజీ అయ్యే అవకాశం ఉంది. ఓడిన వంశం పేరుని గెలిచిన వంశం బిరుదుగా తగిలించుకుంది. ప్రధాన శాఖ 1623లో ఎర్ల్ ఆఫ్ సీఫోర్త్ అయింది. ఆ సీఫోర్త్ కూడా లూయిస్‌లోని ఒక సముద్రపాయ పేరే.

కొత్త యజమానులు తమ బంధువుల్ని, గుమాస్తాల్ని, పాస్టర్లని దీవికి తెచ్చుకున్నారు. భూమిని గుత్తకి తీసుకుని చిన్న రైతులకి పంచే మధ్యదళారులు, స్టోర్నోవే రేవులో వర్తకులు, కస్టమ్స్ ఉద్యోగులు, ఇలా ఊరి పెద్దల్లో మెకంజీ పేరు నిండిపోయింది. దాదాపు నూట యాభై ఏళ్ల తర్వాత ఆ ఊళ్లో పదేళ్ల తేడాతో ఇద్దరు పేరుపొందిన మెకంజీలు పుట్టడం వింతేమీ కాదు, అక్కడ పైకొచ్చే అవకాశం ఉన్న ఇళ్లలో ఎక్కువగా ఉన్న పేరే అది. లూయిస్‌లో మెక్లాయిడ్ పేరు మాత్రం పల్లెల్లో నిలిచిపోయింది. టాంగ్ అనే పల్లె నుంచి 1930లో న్యూయార్క్ వెళ్లిన మేరీ ఆన్ మెక్లాయిడ్ కొడుకే డొనాల్డ్ ట్రంప్.

మద్రాసు దారి

1715 తిరుగుబాటులో సీఫోర్త్ ఎర్ల్ ఓడిపోయిన స్టూవర్ట్ రాజు పక్షం చేరి బిరుదు, భూములు పోగొట్టుకున్నాడు. 1745లో క్రోమార్టీ ఎర్ల్ అదే తప్పు చేశాడు, మరణశిక్ష పడి క్షమాభిక్షతో బయటపడ్డాడు. మళ్లీ ప్రభుత్వం కంట్లో మంచి అనిపించుకోవాలంటే ఈ కుటుంబాల దగ్గరున్న సరుకు ఒక్కటే, మనుషులు. సొంత భూముల్లోని కుర్రాళ్లని పోగుచేసి బ్రిటిష్ సైన్యానికి రెజిమెంట్లు ఇచ్చారు.

క్రోమార్టీ కొడుకు జాన్ మెకంజీ, పైన చెప్పిన 'లార్డ్ మెక్లాయిడ్', 1777లో నిలబెట్టిన రెజిమెంటు 1780 జనవరిలో మద్రాసు చేరింది. ఆ సెప్టెంబరులో కాంచీపురం దగ్గర పొల్లిలూరులో హైదర్ అలీ, టిప్పు చేతుల్లో కల్నల్ బెయిలీ సేన నాశనమైనప్పుడు అందులో ఈ రెజిమెంటు కంపెనీలు రెండు ఉన్నాయి. సీఫోర్త్ 1778లో ఇంకో రెజిమెంటు లేపాడు. వాళ్లని ఎడిన్‌బరో దగ్గర లీత్ రేవులో ఓడ ఎక్కించబోతే, మమ్మల్ని ఈస్టిండియా కంపెనీకి అమ్మేశారనే పుకారు పుట్టి, ఎక్కువగా మక్రేలున్న ఆ దళం ఊరి పక్కనున్న ఆర్థర్స్ సీట్ కొండెక్కి కూర్చుంది. బుజ్జగించి, క్షమాపణ హామీ ఇచ్చి దింపారు. మూడేళ్ల తర్వాత వాళ్లు వెళ్లింది మాత్రం ఇండియాకే. ఓడల్లో స్కర్వీ జబ్బుతో 200 మందికి పైగా పోయారు, సీఫోర్త్ కూడా దారిలోనే చనిపోయాడు. మిగిలినవాళ్లు 1782లో మద్రాసులో దిగారు.

స్టోర్నోవేలో వర్తకుడు, ఆ ఊరి మొదటి పోస్ట్‌మాస్టర్ అయిన మర్డాక్ మెకంజీ కొడుకు కాలిన్ ఆ మరుసటి ఏడే అదే రేవులో అడుగుపెట్టాడు. అప్పటిదాకా సొంత ఊళ్లో కస్టమ్స్ ఉద్యోగి. వయసు ముప్ఫైకి దగ్గరపడింది. కంపెనీ కేడెట్లుగా వచ్చే పదహారేళ్ల కుర్రాళ్లతో పోలిస్తే ముదురే. సీఫోర్త్ కుటుంబం అండ ఉంది కాబట్టి తలుపు తెరుచుకుంది. ఒక క్లాన్ నాయకుడి సిఫారసు ఉత్తరం ఎంత దూరం పనిచేస్తుందో చూడండి.

తర్వాతి సంగతి మనకి తెలిసిందే. కోస్తా, నిజాం సీమ, మైసూరు, దత్తమండలాల సర్వేలు. అమరావతి స్తూపం రాళ్లు. ఏలూరు నుంచి వచ్చిన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు. ఆయనకి ఇక్కడి భాషలు రావు. కైఫీయతుల పని నిజంగా నడిపింది ఈ సోదరులూ వాళ్ల కింది గుమాస్తాలూ. బొర్రయ్య 1803లో ఇరవయ్యారేళ్లకే పోయినప్పుడు కుడిభుజం పోయినంత పనైంది. 1815లో కాలిన్ ఇండియాకి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1821లో కలకత్తాలో పోయాడు. ఆయన పోగుచేసిన వాటిలో 8,076 శాసనాల నకళ్లు, 6,218 నాణేలు ఉన్నాయని 1828 నాటి పట్టిక చెబుతుంది. ముప్ఫై ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా స్టోర్నోవే తిరిగి వెళ్లలేదు.

అట్లాంటిక్ అవతలకి

నాయకుడి సిఫారసు అందరికీ అందదు కదా. 1770ల మొదట్లో పంటలు పోయాయి, పశువుల ధర పడిపోయింది, అయినా శిస్తులు పెంచారు. దానికి జవాబుగా జనం ఓడలెక్కారు. మెకంజీ సీమలోని లాక్ బ్రూమ్ నుంచి 1773లో 'హెక్టర్' అనే పాత ఓడ దాదాపు 190 మందితో బయల్దేరి, మశూచికీ రక్తవిరేచనాలకీ పిల్లల్ని పోగొట్టుకుంటూ సెప్టెంబరులో నోవాస్కోషియాలోని పిక్టో చేరింది. కెనడాలో స్కాటిష్ వలస కథ చెప్పేవాళ్లు ఈ ఓడ నుంచే మొదలుపెడతారు.

మరుసటి ఏడు, 1774లో, పిల్లవాడు అలెగ్జాండర్ తండ్రి వెంట న్యూయార్క్ చేరాడు. అక్కడ స్వాతంత్ర్య యుద్ధం రావడంతో తండ్రి బ్రిటిష్ రాజు పక్షాన సైన్యంలో చేరాడు, కొడుకుని మాంట్రియల్‌కి పంపేశారు. అక్కడ బొచ్చుతోళ్ల వ్యాపారంలో గుమాస్తా. 1789లో పసిఫిక్‌కి దారి దొరుకుతుందని ఒక పెద్ద నది పట్టుకుని పోతే అది ఆర్కిటిక్ మంచు సముద్రంలో తేలింది. అక్కడి డెనె జాతివాళ్లకి అది ఎప్పటి నుంచో 'డెహ్ చో', మహానది. మ్యాపుల్లో మెకంజీ నది అయింది. 1793లో మళ్లీ బయల్దేరి, స్థానిక జాతులవాళ్లు దారి చూపిస్తే రాకీ పర్వతాలు దాటి పసిఫిక్ చేరాడు. ఎర్ర ఇంగిలీకాన్ని కరిగించిన కొవ్వులో కలిపి అక్కడో బండ మీద తన పేరు, 'కెనడా నుంచి, నేల మీదుగా', 22 జులై 1793 అని రాశాడు. డబ్బు చేసుకున్నాక స్కాట్లాండ్ తిరిగొచ్చి 1812లో పెళ్లాడిన గెడ్డెస్‌కి పుట్టింటి పేరు కూడా మెకంజీయే.

ఇక్కడే ఇంకో పాయ కలుస్తుంది. తోళ్ల వ్యాపారంలోని స్కాట్లు స్థానిక స్త్రీలతో కాపురాలు పెట్టారు. పిల్లలకి తండ్రి ఇంటిపేరు వచ్చింది, తండ్రి చాలాసార్లు తిరిగి వెళ్లిపోయాడు. కెనడా ఆదివాసీ, మేటీ (మిశ్రమ సంతతి) కుటుంబాల్లో ఇవాళ మెకంజీలు ఉండటం అలా జరిగింది. కరీబియన్‌లో ఇంకా చేదు. దుప్పి బొమ్మ వేయించిన ఫ్రాన్సిస్ 1801 నుంచి బార్బడోస్ గవర్నర్. బానిసని చంపితే మరణశిక్ష ఉండాలని అక్కడి తోటల యజమానులతో పోట్లాడాడు, నిజమే. అదే మనిషికి బెర్బీస్‌లో, అంటే నేటి గయానాలో, బానిసలతో నడిచే సొంత తోటలున్నాయి. తోటల యజమానుల, మేనేజర్ల ఇంటిపేర్లు బానిసల కుటుంబాలకి అంటుకున్న తీరు కరీబియన్ టెలిఫోన్ డైరెక్టరీల్లో కనబడుతుంది. స్కాటిష్ పేర్లు అక్కడ కుప్పలు.

19వ శతాబ్దంలో వెళ్లినవాళ్లలో పట్నం స్కాట్లు ఎక్కువ. డండీలో పుట్టిన విలియం లయన్ మెకంజీ 1820లో కెనడా వెళ్లి, పత్రిక పెట్టి, 1834లో టొరంటో మొదటి మేయరై, 1837లో ప్రభుత్వం మీద సాయుధంగా తిరగబడి అమెరికా పారిపోయాడు. ఆయన కూతురి కొడుకు మెకంజీ కింగ్ కెనడాని అందరికంటే ఎక్కువకాలం, 21 ఏళ్లకి పైగా, ఏలిన ప్రధాని. ఆయనకి మెకంజీ ఇంటిపేరు కాదు, తాత గుర్తుగా పెట్టిన సొంత పేరు. రెండో ప్రధాని అలెగ్జాండర్ మెకంజీ పెర్త్‌షైర్‌లో పుట్టిన తాపీమేస్త్రీ.

గొర్రెలు, చర్చి కిటికీ

హైలాండ్స్‌లో శిస్తు కట్టే పేద రైతు కంటే గొర్రెల మంద లాభం అని భూస్వాములకి తెలిశాక ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేయించారు. లూయిస్ దీవిని మేరీ స్టీవర్ట్-మెకంజీ 1844లో అమ్మేసింది. కొన్నది జేమ్స్ మాథెసన్, చైనాకి నల్లమందు అమ్మి కోట్లు గడించిన జార్డిన్ మాథెసన్ కంపెనీ భాగస్వామి. పాత వంశావళిలో మెకంజీలతో ఒకే మూలపురుషుణ్ణి పంచుకున్న ఆ మాథెసన్ల పేరే. బంగాళాదుంప తెగులుతో కరువొచ్చాక, 1851 నుంచి ఆయన బాకీలు రద్దు చేసి, ఓడ ఖర్చులు పెట్టి వందల కుటుంబాల్ని క్యూబెక్‌కి పంపించాడు. దాన్ని దానం అన్నవాళ్లూ ఉన్నారు, వెళ్లగొట్టడం అన్నవాళ్లూ ఉన్నారు. ఇంట్లో ఉండనిచ్చే దారి లేనప్పుడు ఓడ టికెట్టు ఉచితమైతే ఏమిటి?

1845లో రాస్‌షైర్‌లోని గ్లెన్‌కాల్వీ జనాన్ని ఖాళీ చేయిస్తే వాళ్లు క్రోయిక్ చర్చి ఆవరణలో గుడారాలు వేసుకున్నారు. చర్చి లోపలికి మాత్రం వెళ్లలేదు. కిటికీ అద్దాల మీద బయటి వైపు నుంచి గీసిన ఇంగ్లీషు మాటలు ఇప్పటికీ చదవొచ్చు. ఒకదాని మీద 'గ్లెన్‌కాల్వీ జనం, దుష్టతరం' అని ఉంది. ఇంత కష్టం వచ్చిందంటే పాపం తమదే అయ్యుండాలని వాళ్ల నమ్మకం. ఆ దృశ్యాన్ని ఆరేళ్ల వయసులో చూశానని తర్వాత చెప్పుకున్న కౌలురైతు కొడుకు జాన్ మెకంజీ 1860లో న్యూజిలాండ్ వెళ్లి, 1891లో భూముల మంత్రి అయ్యాడు. పెద్ద ఎస్టేట్లు ప్రభుత్వం చేత కొనిపించి చిన్న రైతులకి పంచాడు; 1893లో చీవియట్ ఎస్టేటు ఒక్కటే 84 వేల ఎకరాలు. ఆయన కాలంలోనే అక్కడి మూలవాసులైన మావోరీల భూములు లక్షల ఎకరాలు చవగ్గా ప్రభుత్వానికి పోయాయి. తన ఊరి జనానికి జరిగింది అన్యాయమని తెలిసినవాడికి ఇది కనబడకపోవడం చరిత్రలో కొత్తేమీ కాదు.

గొర్రెల దొంగ జేమ్స్ మెకంజీ కూడా ఈ దేశంలోనే. 1855 మార్చిలో వెయ్యి గొర్రెల్ని తోలుకుపోతుంటే పట్టుకున్నారు. అతనికి గేలిక్ బాగా వచ్చు, ఇంగ్లీషు అంతంతమాత్రం. గొర్రెలు తోలిన కుక్క పేరు ఫ్రైడే. ఐదేళ్ల శిక్ష పడింది, జైలు నుంచి రెండుసార్లు పారిపోయాడు, ఏడాది తిరక్కుండానే క్షమాభిక్ష దొరికింది. అతను మంద తోలిన కొండల నడుమ మైదానం తెల్లవాళ్లకి అప్పటిదాకా తెలియదు. అందుకే దానికి మెకంజీ కంట్రీ అని పేరు. హైలాండ్స్‌లో జనాన్ని తరిమింది గొర్రెలు కాబట్టి ఈ దొంగ మీద అక్కడి స్కాట్లకి కాస్త అభిమానం ఉండటం అర్థం చేసుకోవచ్చు.

వెతికేవాళ్లకి

స్కాట్లాండ్‌లో జనన మరణాల ప్రభుత్వ నమోదు 1855 జనవరి 1న మొదలైంది. అంతకుముందు చర్చి రిజిస్టర్లే దిక్కు, హైలాండ్స్‌లో అవి ఆలస్యంగా మొదలై మధ్యమధ్య ఖాళీలతో ఉంటాయి. దానికి తోడు పెద్దకొడుక్కి తాత పేరు పెట్టే ఆచారం. ఒక తాతకి నలుగురు కొడుకులుంటే, ఒకే పల్లెలో నలుగురు కెన్నెత్ మెకంజీలు తయారు. అందుకే ఊళ్లో ఎవరూ ఇంటిపేరుతో పిలుచుకోరు. 'మర్డో కొడుకు ఇయన్ కొడుకు డోనల్డ్' అనో, నల్లోడు, ఎర్రజుట్టోడు, దర్జీవాడు అనో అంటారు. వంశం వెతికేవాడికి మెకంజీ అనే మాట కంటే ఈ పిలుపు పేర్లు, పల్లె పేరు, ఏ ఎస్టేటు కింద ఉన్నారన్న సంగతి ఎక్కువ పనికొస్తాయి. ఎస్టేటు శిస్తు పద్దుల్లో చర్చి రిజిస్టరుకి ఎక్కని కుటుంబాలు కూడా దొరుకుతాయి. స్పెల్లింగు మాత్రం అన్ని రకాలుగా మార్చి మార్చి వెతకాలి.

ఈ మధ్య వెతుకులాటకి కొత్త చిక్కు వచ్చింది. 1970ల తర్వాత అమెరికాలో మెకంజీ అన్నది ఆడపిల్లలకి పెట్టే సొంత పేరుగా బాగా వ్యాపించింది. అమెజాన్ వాటా ఆస్తిలోంచి వేల కోట్ల డాలర్లు దానం చేస్తున్న మెకంజీ స్కాట్‌ది ఆ పేరే. కెన్నెత్‌తో, కింటేల్‌తో, స్కాట్లాండ్‌తో ఏ సంబంధమూ లేని అమ్మాయిలు 'కెన్నెత్ కొడుకు' అనే పేరుతో హాయిగా తిరుగుతున్నారు. గేలిక్ అమ్మమ్మలు ఎవరైనా వింటే 'మాక్' ఏమిటి, 'నిక్' అనాలి అని సరిదిద్దేవారు.